కోళ్ల ఐబీ, నాన్నగారి దగ్గు: టైటర్లు బాగున్నా గుడ్లు ఎందుకు పడిపోయాయి?

ప్రశ్న
రాసినవారు: లేయర్ రైతు, తణుకు ప్రాంతం

అందరికీ నమస్కారం. మాకు తణుకు దగ్గర 20,000 కోళ్ల లేయర్ (గుడ్ల కోళ్ల) ఫారం ఉంది. మా నాన్నగారు పాతికేళ్లుగా దానిని చూసుకుంటున్నారు. నేను నాలుగేళ్ల క్రితం ఉద్యోగం మానేసి ఆయనకు తోడుగా వచ్చాను. సుమారు మూడు వారాల క్రితం, 34 వారాల వయసున్న బ్యాచ్‌లో, రాత్రి లైట్లు తీసేసిన తర్వాత షెడ్డులో నిలబడితే అక్కడొకటి ఇక్కడొకటిగా తుమ్ములు, గొంతులో నీళ్లు కదులుతున్నట్టు సన్నని గురక వినిపించాయి. పగటి పూట కోళ్ల అరుపుల్లో అది మాకు తెలియనే లేదు. రెండు రోజులు తిరిగేసరికి ఆ గురక షెడ్డు ఈ చివర నుంచి ఆ చివరకు పాకింది. దాణా కొద్దిగా తగ్గింది, చావులు పెద్దగా లేవు. వారం గడిచేలోగా మాత్రం గుడ్ల ఉత్పత్తి 92 శాతం నుంచి 70 శాతానికి పడిపోయింది. వచ్చిన గుడ్లలోనూ తోలుగుడ్లు (గట్టి పెంకు లేని మెత్తని గుడ్లు), పెంకు గరుకెక్కినవి, ఒక పక్క నొక్కుకుపోయినవి ట్రేకు నాలుగైదు చొప్పున ఉంటున్నాయి. పైకి బాగానే ఉన్న ఒక గుడ్డును స్టీలు పళ్లెంలో పగలగొట్టి చూశాను. పచ్చసొన చుట్టూ జిగురుగా నిలబడవలసిన తెల్లసొన నీళ్లలా పళ్లెం అంచు దాకా పారిపోయింది.

మా పశువైద్యులు వచ్చి చూసి, ఇది ఇన్‌ఫెక్షియస్ బ్రాంకైటిస్ (ఐబీ) అయి ఉండవచ్చని, అది ఒక కరోనా వైరస్ అని చెప్పారు. రక్తం తీసి పంపిస్తే ఐబీ టైటర్లు, అంటే రక్తంలోని ప్రతిరక్షకాల కొలతలు, చాలా ఎక్కువగా ఉన్నాయని నివేదిక వచ్చింది. నాకు అర్థం కానిది అదే. పిల్లలుగా ఉన్నప్పుడు రెండుసార్లు లైవ్ టీకా (బలం తగ్గించిన వైరస్‌తో చేసినది), 17వ వారంలో కిల్డ్ టీకా (చంపిన వైరస్‌తో చేసినది), ఏదీ తప్పకుండా వేయించాము. టైటర్లు ఇంత బాగా ఉన్నప్పుడు జబ్బు ఎలా వచ్చింది?

రెండో సంగతి ఇంకా ముఖ్యమైనది. మా నాన్నగారికి నెల రోజులుగా దగ్గు తగ్గడం లేదు. తెల్లవారుజామున ఎక్కువగా వస్తోంది, కొంచెం కఫం పడుతోంది, జ్వరం లేదు. కోళ్లకు బ్రాంకైటిస్, ఆయనకు కూడా బ్రాంకైటిస్ అని మందుల దుకాణంలో చెప్పేసరికి, పైగా కరోనా అనే మాట వినేసరికి, మా అమ్మ ఆయనను షెడ్డు వైపు వెళ్లనివ్వడం లేదు. 2025 ఫిబ్రవరిలో మన గోదావరి జిల్లాల్లో బర్డ్ ఫ్లూ వచ్చి వేలాది కోళ్లను పూడ్చిపెట్టడం కళ్లారా చూసినవాళ్లం కనుక ఆమె భయాన్ని నేను కొట్టిపారేయలేకపోతున్నాను. ఈ వైరస్ మనుషులకు సోకుతుందా? దీని మీద ఇన్నేళ్లుగా పరిశోధనలు జరిగి ఉంటాయి కదా, అవి ఏమి చెబుతున్నాయి? తెలిసినవారు వివరంగా చెప్పగలరు.


సమాధానం
రాసినవారు: పశువైద్య సూక్ష్మజీవశాస్త్ర విశ్రాంత అధ్యాపకుడు

మీ ప్రశ్నలో రెండు దగ్గులు ఉన్నాయి. పేరు ఒకటే అయినందువల్ల వాటిని ఒకే తాటికి కట్టేశారు. ముందుగా అమ్మగారి భయం తీరాలి కాబట్టి రెండో ప్రశ్నకు జవాబు చెబుతాను.

కరోనా వైరస్‌లు ఒక పెద్ద కుటుంబం. అందులో ఆల్ఫా, బీటా, గామా, డెల్టా అని నాలుగు శాఖలు ఉన్నాయి. 2020లో మనలను ఇళ్లలో కూర్చోబెట్టిన వైరస్ బీటా శాఖది, కోళ్ల ఐబీ వైరస్ గామా శాఖది. ఐబీ వైరస్‌ను గుర్తించి తొంభై ఏళ్లు దాటింది. ప్రపంచమంతటా కోట్లాది కోళ్లలో అది తిరుగుతోంది, దాని లైవ్ టీకాను రోజూ హ్యాచరీ సిబ్బంది ముఖం ముందే పిచికారీ చేస్తున్నారు. అయినా దానివల్ల మనిషికి జబ్బు చేసినట్లు ఇంతవరకు నిర్ధారణ కాలేదు. 1960ల చివరలో అమెరికాలో కోళ్లతో పనిచేసేవారి రక్తరసం ఈ వైరస్‌ను కొంతమేర నిర్వీర్యం చేస్తున్నట్లు గమనించారు గాని, వారెవరూ దానివల్ల జబ్బు పడినవారు కారు. అటు నుంచి ఇటు కూడా అంతే. 2020లో జర్మనీలోను, చైనాలోని హార్బిన్‌లోను కోళ్ల ముక్కుల్లో కోవిడ్ వైరస్‌ను నేరుగా వేసి చూశారు, వాటికి సోకలేదు.

ఇక టైటర్ల సంగతి. మీరు ఒక ముఖ్యమైన విషయం రాయలేదు: ఆ రక్తం ఎప్పుడు తీశారు? గురక మొదలైన వారం పది రోజుల తర్వాత తీసి ఉంటే, ఆ నివేదికలో కనిపించే పెద్ద అంకెలు మీ టీకా గొప్పతనం కాకపోవచ్చు, లోపలికి వచ్చిన వైరస్ వేసిన ముద్ర కావచ్చు. బాగా టీకాలు వేసిన బ్యాచ్‌లో బయటి వైరస్ దూరితే టైటర్లు ఒక్కసారిగా ఎగబాకుతాయి. అందుకే ఒకే నమూనాతో తీర్పు చెప్పకూడదు. జబ్బు మొదలైన రోజుల్లో ఒకసారి, మళ్లీ రెండు మూడు వారాలకు అవే కోళ్ల నుంచి మరోసారి రక్తం తీసి, రెండింటినీ ఒకే పరీక్షలో పక్కపక్కన పెట్టి చూడాలి. మొదటిది తక్కువగా ఉండి రెండోది పెరిగితే కథ స్పష్టమవుతుంది. టైటరు ఎక్కువ కనుక రక్షణ ఉందనుకోవడం నా ఉద్యోగకాలమంతా నేను విన్న పొరపాటు. రైతులే కాదు, మా వాళ్లూ చేస్తారు.

టైటరు రక్తంలో తిరిగే ప్రతిరక్షకాల కొలత. ఐబీ వైరస్ మొదట దిగేది శ్వాసనాళం లోపలి పొర మీద. ఆ పొర నిండా శైలికలు అనే సన్నని నూగు ఉంటుంది. అది దుమ్మును, సూక్ష్మజీవులను జిగురుతో సహా ఎప్పటికప్పుడు పైకి ఊడ్చిపారేస్తూ ఉంటుంది. మా ప్రయోగశాలలో, గుడ్డు నుంచి పిల్ల బయటకు రావడానికి ఒకరోజు ముందున్న పిండం నుంచి శ్వాసనాళాన్ని తీసి, పలచని ఉంగరాలుగా కోసి, పోషకద్రవంలో ఉంచి సూక్ష్మదర్శిని కింద చూసేవాళ్లం. ఆరోగ్యంగా ఉన్న ఉంగరం లోపలి అంచు గాలికి వరిచేను ఊగినట్లు ఆగకుండా ఊగుతూ ఉంటుంది. వైరస్ వేసిన మూడు నాలుగు రోజులకు ఆ ఊపు నెమ్మదిస్తుంది, ఒక పక్క ఆగుతుంది, చివరకు అంచంతా బోడిగా మిగిలి రాలిన కణాలు ద్రవంలో తేలుతాయి. టీకా పనితీరును తేల్చే పరీక్ష కూడా ఇదే పద్ధతిలో ఉంటుంది. టీకా వేసిన కోడికి అసలు వైరస్ ఇచ్చి, నాలుగైదు రోజుల తర్వాత దాని శ్వాసనాళంలో శైలికలు ఇంకా ఊగుతున్నాయా అని చూస్తారు. అక్కడ కాపలా కాసేవి రక్తంలోని ప్రతిరక్షకాలకన్నా కన్నీటిలో, శ్వాసనాళపు జిగురులో ఊరే ప్రతిరక్షకాలు, ఆ పొరలోనే ఉండే రక్షణ కణాలు. కంటి చుక్కగానో పిచికారీగానో వేసిన లైవ్ టీకా మాత్రమే వాటిని బాగా నిద్రలేపుతుంది. అలాగని కిల్డ్ టీకా వృథా కాదు. వైరస్ రక్తంలోకి దిగి మూత్రపిండాలకు, గుడ్ల నాళానికి చేరకుండా అడ్డుపడటంలో రక్తపు టైటర్లు ఉపయోగపడతాయి. మీ దగ్గర చావులు తక్కువగా ఉండటంలో దాని పాత్ర ఉండే అవకాశం ఉంది.

మరో కారణం వైరస్ రకం. ఈ వైరస్ ముల్లు ప్రోటీన్‌లో ఎస్1 అనే భాగం తరచుగా మారుతూ ఉంటుంది. అందులో రెండు మూడు శాతం తేడా వచ్చినా పాత టీకా కొత్త రకాన్ని గుర్తుపట్టలేని సందర్భాలు ఉన్నాయి. పైగా ఒకే కోడిలో రెండు రకాలు కలిస్తే వాటి జన్యుపదార్థం అతుకులు వేసుకుని మూడో రకం పుడుతుంది. 2016లో శాస్త్రజ్ఞులు ప్రపంచంలోని ఐబీ వైరస్‌లను ఆరు జన్యురూపాలుగా, 32 వంశాలుగా వర్గీకరించారు. వాటిలో జీఐ-24 అనే వంశం భారతదేశానికే పరిమితమైనదిగా నమోదయింది. మన దేశంలో మూత్రపిండాలను దెబ్బతీసి గౌట్ (ఒంట్లో యూరిక్ ఆమ్లం పేరుకునే జబ్బు) తెచ్చే ఒక కొత్త రకాన్ని పూణే పరిశోధకులు వర్ణించగా 2005లో అది ప్రచురితమైంది. మనం ఎక్కువగా వాడే మాసాచుసెట్స్ రకం టీకా వీటన్నింటికీ సమానంగా అడ్డుపడుతుందని ఆశించలేము. మాసాచుసెట్స్ రకంతోపాటు 4/91 వంటి వేరే రకాన్ని మరో వయసులో ఇస్తే రక్షణ విస్తరిస్తుందని ఐరోపాలో ప్రయోగాలు చూపాయి. అయితే మీ ప్రాంతంలో ఏ రకం తిరుగుతోందో తెలియకుండా కొత్త లైవ్ వైరస్‌ను షెడ్డులోకి తెచ్చిపెట్టుకోవడం తొందరపాటు అవుతుంది.

కాబట్టి గురక ఇంకా ఉన్న కోళ్ల శ్వాసనాళం నుంచి, చనిపోయినవాటి సీకల్ టాన్సిల్స్ (పేగులో ఉండే రక్షణ కణజాలం), మూత్రపిండాల నుంచి నమూనాలు తీసి ఆర్‌టీ-పీసీఆర్ చేయించండి, పాజిటివ్ వస్తే ఎస్1 భాగపు జన్యు వరుసను కూడా చదివించండి. అదే నమూనాలో కొక్కెర తెగులును (రాణిఖేత్ వ్యాధిని), హెచ్9ఎన్2 ఫ్లూను కూడా వెతకమని అడగండి. లేయర్లలో గురక, గుడ్ల పతనం కలిసి వచ్చినప్పుడు ఆ రెండింటినీ తోసిపుచ్చకుండా ఐబీ అని ముద్ర వేయడం సరికాదు. ఈడీఎస్ (ఎగ్ డ్రాప్ సిండ్రోమ్) అనే మరో వైరస్ జబ్బులో కూడా తోలుగుడ్లు వస్తాయి గాని అందులో కోడి గురక పెట్టదు, తెల్లసొన ఇంతగా పలచబడదు. పెంకు రంగు వెలిసిపోవడం అనే గుర్తు పుస్తకాల్లో ఉంటుంది, కానీ మన తెల్లగుడ్లలో అది కనిపించే ప్రసక్తే లేదు. మీ పళ్లెం పరీక్ష నిజానికి చాలా మంచి ఆధారం.

యాంటీబయాటిక్ గురించి ఒక మాట. అది వైరస్ మీద పనిచేయదు. శైలికలు పోయిన శ్వాసనాళంలోకి దిగే ఈ.కొలై బ్యాక్టీరియా కోసం, అదీ పోస్టుమార్టంలో గాలితిత్తులు, గుండెపొర చీముపట్టి కనిపిస్తేనే వాడాలి. కోలిస్టిన్ మాత్రం ఎవరు ఇచ్చినా తీసుకోకండి. ఆహారానికి పెంచే జీవాలకు దానిని 2019లోనే మన ప్రభుత్వం నిషేధించింది.


సమాధానం
రాసినవారు: ఛాతీ వైద్యురాలు, విజయవాడ

పైన మాస్టారు కోళ్ల వైపు విషయం చెప్పారు కనుక నేను మీ నాన్నగారి వైపు మాట్లాడతాను. ఆయనను చూడకుండా రోగనిర్ధారణ చేయలేను. కానీ మీరు రాసిన దానిలో నన్ను ముందుగా ఆపిన మాట ఐబీ కాదు, కరోనా కాదు. నెల రోజులు అన్న మాట.

రెండు వారాలు దాటిన దగ్గు ఉంటే మన దేశంలో మొదట చేయవలసింది కఫం పరీక్ష, ఛాతీ ఎక్స్‌రే. క్షయ లేదని తేల్చుకున్న తర్వాతే మిగతా ఆలోచన. ప్రభుత్వ ఆసుపత్రిలో ఈ పరీక్ష ఉచితం. కోళ్ల జబ్బు మీద దృష్టి పెట్టి ఇంట్లోని క్షయను ఆరు నెలలు ఆలస్యంగా గుర్తించిన కుటుంబాలను నేను చూశాను. కనుక రేపే వెళ్లండి.

బ్రాంకైటిస్ అనేది ఒక క్రిమి పేరు కాదు. శ్వాసనాళాల వాపుకు ఆ పేరు. మనుషుల్లో కొద్ది రోజుల పాటు వచ్చే బ్రాంకైటిస్‌కు చాలావరకు కారణం వైరస్‌లే. జలుబు తెచ్చే రైనోవైరస్‌లు, ఫ్లూ, ఆర్‌ఎస్‌వీ, మనుషులలోనే ఎప్పటినుంచో తిరుగుతున్న 229ఈ, ఓసీ43 వంటి సాధారణ కరోనా వైరస్‌లు. వీటికి యాంటీబయాటిక్ అక్కర లేదు, దగ్గు రెండు మూడు వారాల్లో దానంతటదే తగ్గుతుంది. వరుసగా రెండేళ్లపాటు, ఏడాదికి కనీసం మూడు నెలలు కఫంతో దగ్గు ఉంటే దానిని దీర్ఘకాలిక బ్రాంకైటిస్ అంటాము. మీ నాన్నగారికి గత ఏడాది చలికాలంలో కూడా ఇలాగే ఉండేదా అన్నది అమ్మగారిని అడిగి తెలుసుకోండి. మగవాళ్లు ఇలాంటివి గుర్తుంచుకోరు.

పాతికేళ్లు షెడ్డులో తిరిగిన మనిషి ఊపిరితిత్తుల మీద నాకున్న అసలు అనుమానం దుమ్ము, అమ్మోనియా. కోళ్ల షెడ్డు దుమ్ములో ఈకల నూగు, ఎండిన పెంట, దాణా పొడి, బూజు, చచ్చిన బ్యాక్టీరియా పొరల నుంచి రాలిన ఎండోటాక్సిన్ అన్నీ ఉంటాయి. షెడ్లలో అమ్మోనియా పది లక్షల భాగాలకు 25 భాగాలు దాటకూడదని సాధారణంగా చెబుతారు. చిక్కు ఏమిటంటే, రోజూ పీల్చేవారి ముక్కు ఆ ఘాటుకు అలవాటు పడిపోతుంది. కొత్తగా వచ్చిన మనిషికి కళ్లు మండుతుంటే యజమానికి ఏమీ అనిపించదు. మాస్టారు చెప్పిన శైలికలు మనిషి శ్వాసనాళంలోనూ ఉన్నాయి, అమ్మోనియా వాటినీ మందగింపజేస్తుంది. కోడి, మనిషి ఇద్దరూ ఒకే గాలి పీలుస్తున్నారు కనుక ఇద్దరూ దగ్గడానికి ఒకే వైరస్ ఉండనవసరం లేదు. ఆయన ఊరికి వెళ్లి నాలుగైదు రోజులు షెడ్డుకు దూరంగా ఉన్నప్పుడు దగ్గు తగ్గుతుందా, తిరిగి వచ్చాక పెరుగుతుందా అన్నది గమనించండి. స్పైరోమెట్రీ పరీక్ష చేయిస్తే గాలి ఎంత వేగంగా బయటకు వెళుతోందో తెలుస్తుంది. పెంట ఎత్తించేటప్పుడు ఎన్95 మాస్కు తప్పనిసరి, అయితే అది దుమ్మును ఆపుతుంది గాని అమ్మోనియా వాయువును ఆపదు. దానికి గాలి ఆడటమే మార్గం.

కోళ్ల నుంచి మనిషికి వచ్చే శ్వాసకోశ జబ్బులు అసలు లేవని మాత్రం అనుకోకండి. హెచ్9ఎన్2 ఫ్లూ మన దేశంలో పిల్లలకు సోకిన సందర్భాలు ఉన్నాయి. 2024లో పశ్చిమ బెంగాల్‌లో ఒక బిడ్డకు సోకినట్లు ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించింది. హెచ్5ఎన్1 అనే బర్డ్ ఫ్లూ వల్ల 2025 మార్చిలో మన రాష్ట్రంలోనే ఒక చిన్నారి మరణించింది. కొక్కెర తెగులు వైరస్ టీకా వేసేవారి కంట్లో పడితే కళ్లకలక వస్తుంది, కొద్ది రోజుల్లో తగ్గిపోతుంది. కాబట్టి మీ కోళ్లు ఒక్కసారిగా గుట్టలుగా చనిపోవడం, తమ్మెలు, జుట్టు నీలంగా మారడం వంటివి కనిపిస్తే ముట్టుకోకుండా పశుసంవర్ధక శాఖకు తెలియజేయండి, అప్పుడు ఇంట్లో ఎవరికి జ్వరం వచ్చినా కోళ్ల సంగతి డాక్టరుకు మొదటే చెప్పండి. మీరు వర్ణించినది ఆ తీరులో లేదు.


సమాధానం
రాసినవారు: కోళ్ల రైతు, సిద్దిపేట జిల్లా

పెద్దలు శాస్త్రం చెప్పారు. నేను చేసిన తప్పు ఒకటి చెబుతాను, పనికొస్తుందేమో చూడండి.

ఆరేళ్ల క్రితం మా పిల్లల బ్యాచ్‌కు ఐబీ లైవ్ టీకాను నీళ్లలో ఇచ్చాము. టీకా మంచిదే, ఐసు పెట్టెలోనే తెచ్చాము, కోళ్లను రెండు గంటలు దప్పికతో ఉంచాము కూడా. అయితే అంతకుముందు రోజు సాయంత్రం మా పనివాడు నేను చెప్పిన పాత అలవాటు ప్రకారమే ట్యాంకులో బ్లీచింగ్ వేశాడు. ఆ సంగతి నేనే మరచిపోయాను. టీకా వైరస్‌కు క్లోరిన్ తగిలితే మిగిలేది ఖాళీ నీళ్లే. ఆ బ్యాచ్ గుడ్డుకు వచ్చాక ఐబీ తగిలింది, వైరస్ మారిందని, టీకా కంపెనీ మోసం చేసిందని నేను ఊరంతా చెప్పుకున్నాను. మా పాత రికార్డు పుస్తకంలో బ్లీచింగ్ తేదీ, టీకా తేదీ పక్కపక్కన కనిపించినప్పుడు సిగ్గేసింది.

ఇప్పుడు టీకాకు రెండు రోజుల ముందు నుంచే క్లోరిన్ ఆపుతాము, లీటరుకు రెండు, రెండున్నర గ్రాముల వెన్న తీసిన పాలపొడి కలుపుతాము, పైపుల చివరిదాకా నీలిరంగు వచ్చేలా టీకారంగు వేస్తాము. గంట తర్వాత పది కోళ్ల నోళ్లు తెరిచి నాలుక నీలంగా ఉందో లేదో చూస్తే ఎన్ని తాగాయో తెలిసిపోతుంది. మొదటిసారి చూసినప్పుడు షెడ్డు చివరి వరుసలో పదింటికి నాలుగే తాగాయి.

2020లో చికెన్ తింటే కరోనా వస్తుందని వాట్సాప్‌లో తిప్పినప్పుడు కిలో ధర ఎక్కడికి పడిపోయిందో ఇక్కడ అందరికీ గుర్తుంది. ఆ ఫిబ్రవరి చివర్లో హైదరాబాద్‌లో మంత్రులు వేదిక మీద చికెన్ తిని చూపించవలసి వచ్చింది. ఐబీ టీకా సీసా మీద కరోనా అనే మాట చూసి మా బంధువే ఫోటో తీసి పంపాడు. కనుక అమ్మగారిని తప్పుపట్టలేము.


సమాధానం
రాసినవారు: వైరాలజీ పరిశోధక విద్యార్థి, అమెరికా

ఇన్నేళ్ల పరిశోధన ఏమి చెబుతోందని అడిగారు కనుక, మనిషి కరోనా వైరస్‌ల చరిత్రకు కోళ్ల షెడ్డు పునాదిగా ఎలా నిలిచిందో చెప్పాలనిపించింది. ఈ జబ్బును మొదట వర్ణించినది 1931లో, అమెరికాలోని నార్త్ డకోటాలో, ఊపిరాడక నోరు తెరిచే కోడిపిల్లల్లో. 1937లో దానిని పొదుగుతున్న కోడిగుడ్డులో పెంచగలిగారు. ఇప్పటికీ మేము అదే చేస్తాము: తొమ్మిది నుంచి పదకొండు రోజుల గుడ్డును చీకటిగదిలో దీపానికి అడ్డుపెట్టి రక్తనాళాలు లేని చోటు చూసి, పెంకుకు సూది పట్టేంత రంధ్రం చేసి, వైరస్ ఎక్కించి, మైనంతో మూస్తాము. కొన్ని తరాలు అలా దాటించిన తర్వాత గుడ్డు తెరిస్తే పిండం మరుగుజ్జుగా, బంతిలా ముడుచుకుని ఉంటుంది. మాసాచుసెట్స్ రకానికి చెందిన హెచ్120 టీకా నెదర్లాండ్స్‌లో ఈ విధంగానే 120 సార్లు గుడ్డు నుంచి గుడ్డుకు మార్చి సాధువు చేసిన వైరస్. ఆ హెచ్ అన్నది, అసలు వైరస్ దొరికిన ఫారం రైతు ఇంటిపేరులోని మొదటి అక్షరం. ఒక రకం టీకా మరో రకానికి అడ్డుపడదన్న సంగతి కూడా కొత్తది కాదు. 1956లో కనెక్టికట్ రకాన్ని వర్ణించినప్పుడే అది బయటపడింది.

1960లలో ఇంగ్లండ్‌లోని సాల్స్‌బరీ జలుబు పరిశోధన కేంద్రంలో డేవిడ్ టిరెల్ బృందానికి, ఒక బడిపిల్లవాడి జలుబు నుంచి తీసిన బీ814 అనే వైరస్ మామూలు కణాల్లో పెరగక చిక్కు తెచ్చిపెట్టింది. చివరకు అది మనిషి పిండపు శ్వాసనాళం ముక్కల మీద పెరిగింది. పైన మాస్టారు చెప్పిన ఉంగరాల పద్ధతికి అది దగ్గరి చుట్టం. ఆ ద్రవాన్ని లండన్‌లో ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శిని కింద చూసినది జూన్ అల్మైడా. గ్లాస్గోలో బస్సు డ్రైవరు కూతురు, పదహారేళ్లకే చదువు ఆపి ప్రయోగశాలలో సహాయకురాలిగా చేరిన మనిషి. ఆ వైరస్‌ను చూడగానే ఆమె, తాను అంతకుముందు కోళ్ల ఐబీ వైరస్‌లో ఇలాంటి అంచునే చూశానని గుర్తుపట్టారు. విచిత్రం ఏమిటంటే, ఐబీ చిత్రాలతో ఆమె పంపిన వ్యాసాన్ని, అవి ఫ్లూ వైరస్‌కు తీసిన నాసిరకం ఫోటోలని చెప్పి సమీక్షకులు తిరస్కరించారు. 1967లో మనుషుల వైరస్‌లు, కోళ్ల వైరస్ ఒకే రూపంలో ఉన్నాయని ప్రచురించారు. మరుసటి ఏడాది ఎనిమిది మంది శాస్త్రజ్ఞులు ఆ గుంపుకు కరోనా అని పేరు పెట్టారు. ఒక కరోనా వైరస్ జన్యుపదార్థాన్ని పూర్తిగా చదవడం కూడా మొదట ఐబీతోనే జరిగింది. 1987లో, ఇంగ్లండ్‌లోని హౌటన్ కోళ్ల పరిశోధన కేంద్రంలో, 27,608 అక్షరాలు చదివారు.

ఇంత దగ్గరి చుట్టరికం ఉన్నా ఒకదాని టీకా ఇంకొకదానికి పనికిరాదు. 2020 ఫిబ్రవరిలో ఇజ్రాయెల్‌లోని మిగాల్ సంస్థ తాను కోళ్ల ఐబీ కోసం చేసిన టీకా సాంకేతికతను కోవిడ్‌కు మారుస్తున్నామని ప్రకటించగానే, కోళ్ల టీకాయే మనుషులకు వేస్తారని కథలు పుట్టాయి. అక్కడ మార్చింది పద్ధతిని మాత్రమే, టీకాలో పెట్టే ప్రోటీన్ వేరు. ఆ టీకా బజారు దాకా రాలేదు. అయితే కోళ్లలో అర్ధశతాబ్దంగా తెలిసిన విషయం, అంటే రక్తంలో టైటరు ఉన్నా ముక్కు, గొంతు కాపలా లేకుండా మిగిలిపోవచ్చన్నది, కోవిడ్ టీకాలు వేయించుకున్నవారికి మళ్లీ మళ్లీ జలుబులా రావడంతో అందరికీ అర్థమైంది. హైదరాబాద్‌లోని భారత్ బయోటెక్ ముక్కులో వేసే కోవిడ్ టీకాను 2023 జనవరిలో విడుదల చేయడం వెనుక ఉన్న ఆలోచన, మీ హ్యాచరీలో ఒకరోజు పిల్లల ముఖం మీద టీకా చల్లడం వెనుక ఉన్న ఆలోచనే.


ప్రశ్న వేసినవారి జవాబు

అందరికీ ధన్యవాదాలు. డాక్టరమ్మగారు చెప్పినట్లు మరుసటి రోజే నాన్నగారిని తీసుకెళ్లాము. కఫంలో క్షయ లేదని వచ్చింది, ఎక్స్‌రే బాగానే ఉందన్నారు. స్పైరోమెట్రీలో గాలి బయటకు వెళ్లడం కొంత తగ్గిందని చెప్పి పీల్చే మందు రాశారు. అమ్మను అడిగితే, మూడేళ్లుగా ప్రతి చలికాలం ఈ దగ్గు ఉందని, ఆయన చుట్ట మానేసినప్పటినుంచి వచ్చిందని తనే అనుకుందని చెప్పింది. మాకెవరికీ ఆ లెక్కే లేదు.

మాస్టారు అడిగిన ప్రశ్నకు జవాబు: రక్తం తీసింది గురక మొదలైన తొమ్మిదో రోజున. దానికి ముందు తీసినది మా దగ్గర లేదు. పీసీఆర్‌లో ఐబీ పాజిటివ్ వచ్చింది, కొక్కెర, ఫ్లూ నెగటివ్. ఎస్1 వరుస ఇంకా రాలేదు. ఉత్పత్తి 81 శాతానికి లేచింది, కానీ తెల్లసొన పలచన పూర్తిగా పోలేదు. వచ్చే నెలలో కొత్త పిల్లలు దిగుతున్నాయి. ఈలోగా వరుస రాకపోతే వాటికి ఏ టీకా చెప్పమంటారు?


సమాధానం
రాసినవారు: పశువైద్య సూక్ష్మజీవశాస్త్ర విశ్రాంత అధ్యాపకుడు

తొమ్మిదో రోజు రక్తమైతే ఆ అంకెలను టీకా ఖాతాలో వేయకండి. కొత్త పిల్లలకు హ్యాచరీలో ఒకరోజు వయసులో మాసాచుసెట్స్ రకమే వేయించండి, అది ఎలాగూ పునాది. రెండో లైవ్ మోతాదు రెండు మూడు వారాల వయసులో వస్తుంది కనుక, అప్పటికి వరుస చేతికి రావచ్చు. ఏ రకం అన్నది అప్పుడు మీ డాక్టరుతో కూర్చుని నిర్ణయించండి. మొదటి రెండు వారాలు మాత్రం పిల్లల షెడ్డును ఈ పెద్ద షెడ్డుకు దూరంగా, వేరే మనిషితో, వేరే చెప్పులతో నడిపించండి. ఆ వయసులో ఐబీ తగిలిన పిల్లకు గుడ్ల నాళం ఎదగదు. అది బాగా తిని, జుట్టు ఎర్రబడి, చూడడానికి నిండు లేయరులా కనిపిస్తుంది, ఒక్క గుడ్డూ పెట్టదు. 20వ వారం దాటేదాకా మీకు సంగతి తెలియదు. ఇక నుంచి ప్రతి బ్యాచ్‌కు 16 వారాల వయసులో, కిల్డ్ టీకాకు ముందు ఒకసారి, టీకా అయిన ఐదారు వారాలకు మరోసారి 20 కోళ్ల రక్తరసం తీసి ఫ్రీజర్‌లో దాచిపెట్టండి. మళ్లీ గురక వినిపించిన రోజున పోల్చుకోవడానికి పాత అంకె మీ దగ్గర ఉంటుంది.